పాతకారు, క్రొత్త మెరుగు

అమెరికా దేశమున పాతకార్లు అమ్మువారి ప్రకటనలలో ఒక మాట మరల మరల కనబడును. "పూర్తిగా పునరుద్ధరింపబడినది" అని ఆ మాట. ప్రక్కనే ఒక ఛాయాచిత్రము. అరువది యేండ్లు దాటిన కారు. టాపు మడిచి లోన దాచిరి. రంగు అద్దమువలె మెరయుచున్నది. సీట్ల తోలు నిన్ననే కుట్టినట్లున్నది. బంపరులో ఆకాశము కనబడుచున్నది. చూచినవాడు ముచ్చటపడక మానడు. కాని ముచ్చట తీరిన పిమ్మట ఒక ప్రశ్న పుట్టవలెను. పునరుద్ధరణ అనగా నేమి? పాతదానిని నిలిపిరా? లేక పాతదానిని పారవేసి దాని పేర క్రొత్తది చేసిరా?

ఇది ధనవంతుల వినోదమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే యని తలపరాదు. తాతగారి వీణకు తిరిగి మేళము కట్టించునపుడును, మండువా యింటి దూలములు మార్పించునపుడును మన యెదుట నిలుచు ప్రశ్నయే యిది. బాగుచేయుట యెక్కడ ముగియును? మార్చివేయుట యెక్కడ మొదలగును? కారు విషయమున దీనికి జవాబు కొంత స్పష్టముగ దొరకును. ఏలయన కారు కర్మాగారమున పుట్టిన వస్తువు. అది ఏ యేట, ఏ రూపున, ఏ భాగములతో పుట్టెనో చెప్పెడి గుర్తులు దాని యొడలిమీదనే యుండును.

ఇద్దరు అమ్మకందార్లు ఒకే జాతి కార్లు రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపిరనుకొందము. ఒకటి పైన చెప్పినట్లు ధగధగ మెరయుచున్నది. రెండవదాని రంగు వెలిసినది. సీటు తోలు బీటలు వారినది. కాని టాపు దిగుచున్నది, ఇంజను పలుకుచున్నది, మొదటి కొనుగోలు రసీదు మొదలు కాగితములన్నియు ఒక సంచిలో నున్నవి. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ వెల యీయవచ్చును? తొందరపడి జవాబు చెప్పక, ముందు ఆ కారు ఎట్టిదో తెలిసికొందము.

మనము తీసికొన్న కారు 1961 మొదలు 1967 వరకు ఫోర్డు సంస్థవారి లింకన్ శాఖ తయారుచేసిన కాంటినెంటల్ కన్వర్టిబుల్. కన్వర్టిబుల్ అనగా టాపును మడిచి వేయుటకును, మరల పరచుటకును వీలైన కారు. కాంటినెంటల్ అను పేరు అంతకు పూర్వమే పుట్టెను. హెన్రీ ఫోర్డు కుమారుడు ఎడ్సెల్ ఫోర్డు 1938లో, ఫ్లారిడా తీరమున సెలవులు గడపుటకై తనకొక ప్రత్యేకమైన కారు కావలెనని కోరెను. యూజీన్ గ్రెగరీ అను రూపశిల్పి లింకన్ జెఫిర్ కారును ఆధారముగ గొని, దాని యెత్తు తగ్గించి, ముందుభాగము పొడిగించి, ఆయన కోరిన కారును సిద్ధపరచెను. అటుపై 1940 నుండి దానిని అమ్మకమునకును చేయసాగిరి. యుద్ధకాలము మినహా 1948 వరకు, పండ్రెండు సిలిండర్ల ఇంజనుతో, అది వెలువడెను. 1951లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియము మోటారుకార్లను కళాఖండములుగ ప్రదర్శించినపుడు, ఎన్నుకొన్న ఎనిమిది కార్లలో 1941 నాటి కాంటినెంటల్ ఒకటి.

1950 తరువాత అమెరికా కార్లకు వింత వేషము పట్టెను. వెనుక చేపరెక్కలవంటి తోకలు, ఎక్కడ చూచినను క్రోమియపు పట్టీలు, ఏటేట పెరుగు పొడవు. 1958 నాటి పెద్ద లింకన్ కారు పొడవు పందొమ్మిది అడుగులు. అవి ఆశించినట్లు అమ్ముడుపోలేదు. లింకన్ శాఖ నష్టములలో నుండెను. అప్పుడు ఎల్‌వుడ్ ఎంగెల్ అను రూపశిల్పి, ఫోర్డువారి థండర్‌బర్డ్ కారు కొరకు ఒక నమూనా తయారుచేసి యుండెను. ఆనాడు ఫోర్డు సంస్థలో ఉన్నతాధికారిగ నుండి, 1961లో అమెరికా రక్షణమంత్రియైన రాబర్ట్ మెక్‌నమారా ఆ నమూనాను చూచి, దీనిని నాలుగు తలుపుల లింకనుగ మార్చవచ్చునా యని యడిగెను. అట్లు పుట్టినది 1961 నాటి కాంటినెంటల్.

దాని యందమంతయు తీసివేయుటలో నున్నది. తోకలు లేవు. ప్రక్కలు తిన్నగ, నునుపుగ నుండును. బాడీ పై అంచు వెంబడి, ముందునుండి వెనుకకు, ఒకే వెండిగీత. పొడవు అంతకు ముందటి సంవత్సరపు కారుకన్న సుమారు అడుగుంబావు తగ్గెను. వెనుక తలుపులకు కీళ్లు వెనుకవైపున నమర్చిరి. అందుచే ముందు తలుపు, వెనుక తలుపు ఎదురెదురుగ, మన యిండ్ల జోడుతలుపులవలె తెరచుకొనును. కురుచయైన కారులో వెనుక సీటుకు ఎక్కునపుడును దిగునపుడును కాలు తగులకుండుటకే ఈ యేర్పాటు. ఇంజను ఎనిమిది సిలిండర్లది. 430 ఘనపు అంగుళములు, అనగా సుమారు ఏడు లీటర్లది. శక్తి 300 అశ్వశక్తులు. కన్వర్టిబుల్ బరువు 5,200 పౌన్లు దాటెను. అది సుమారు 2,360 కిలోలు. 1961లో దాని వెల 6,713 డాలర్లు. నాటి సామాన్యపు ఫోర్డు కారు వెలకు ఇది రెండింతలకు పైబడినది. సంస్థవారు 24 నెలలకు గాని 24,000 మైళ్లకు గాని హామీ యిచ్చిరి. అమెరికాలో అంత దీర్ఘమైన హామీ అప్పటికి అరుదు. 1961లో ఇట్టి కన్వర్టిబుళ్లు 2,857 మాత్రమే చేసిరి. 1967లో, అనగా చివరి యేట, 2,276. తక్కువగ పుట్టినది కావుననే నేడు దీనిని వెదకువారు పెక్కురు.

ఇక దాని టాపు సంగతి. కొనువాడు మొదట ముచ్చటపడునదియు, పిమ్మట మొదట దుఃఖపడునదియు అదే. సామాన్యపు కన్వర్టిబుల్‌లో టాపు మడిచిన పిమ్మట వెనుకసీటు వెనుక మూటవలె కనబడుచుండును. కాంటినెంటల్‌లో అట్లు కాదు. మీట నొక్కగనే డిక్కీ తలుపు తాళములు విద్యుత్తుచే విడిపోవును. ఆ తలుపు వెనుకవైపు కీళ్లపై లేచి నోరు తెరచును. ముందు అద్దము పైనున్న టాపు పట్టు మోటారుతో వదలును. నూనె ఒత్తిడిచే పనిచేయు దండములు టాపును పైకెత్తి, మడిచి, డిక్కీలో పరుండబెట్టును. పిమ్మట తలుపు దానిపై మూతపడి తనంతట తాళము వేసికొనును. టాపు ఉన్నదన్న జాడయే మిగులదు. 1957 మొదలు 1959 వరకు ఫోర్డువారు ఇనుప టాపు మడిచెడి స్కైలైనర్ అను కారును చేసి యుండిరి. ఆ అనుభవమే ఇక్కడ అక్కరకు వచ్చెను.

ఈ నాటకమున పాత్రధారులు పెక్కుమంది. నూనెపంపులు, వాటి మోటార్లు, విద్యుత్తును ఒకదారినుండి మరియొక దారికి మరల్చెడి రిలేలు, "ఈ పని ముగిసినది, తరువాతి పని మొదలిడుము" అని చెప్పెడి చిన్న స్విచ్చులు. ఒకరు తన వంతు పలికిననే గాని రెండవవారు నోరు విప్పరు. అరువది యేండ్ల తుప్పుచేత ఒక్క స్విచ్చు పనిచేయనిచో, డిక్కీ తలుపు సగము తెరచి నిలిచిపోవును. అప్పుడు అనుభవము లేని మెకానిక్కు ఏమి చేయును? ఆ స్విచ్చును తప్పించి, తీగెను తిన్నగ కలిపివేయును. టాపు ఆనాటికి దిగును. కాని ఒకదాని కొకటి కాపలాయున్న క్రమము చెడును. మరియొకనాడు డిక్కీ తలుపు పూర్తిగ లేవకమునుపే టాపు దానిపై దిగి రెండును వంగును. కొండనాలుకకు మందు వేయగ ఉన్న నాలుక ఊడినట్లగును.

టాపు లేకపోవుటలో మరియొక చిక్కు గలదు; అది కంటికి కనబడదు. పాత పద్ధతి కార్లలో క్రింద బలమైన ఇనుప చట్రముండును. బాడీని దానిపై కూర్చుండబెట్టి బోల్టులు బిగింతురు. 1961 కాంటినెంటల్‌లో వేరుగ చట్రము లేదు. బాడీయే చట్రము, రెండును కలిపి అతికిన ఒకే పెట్టె. పెట్టెకు మూత తీసివేసినచో ఏమగును? చెప్పులపెట్టెను మూతతో పట్టి మెలిపెట్టి చూడుడు; మూత తీసి మరల మెలిపెట్టి చూడుడు. భేదము చేతికే తెలియును. టాపు ఇనుము లేని కొరత తీర్చుటకై కన్వర్టిబుల్ అడుగుభాగమున, గుమ్మముల క్రింద, అదనపు ఇనుపరేకులు అతికి బలపరచిరి. కారు బరువు పెరుగుటకు ఇదియు ఒక కారణము. ఆ కాలపు కొన్ని పెద్ద కన్వర్టిబుళ్లలో వణకు తగ్గించుటకై మూలలయందు స్ప్రింగులపై ఇనుపదిమ్మలను వ్రేలాడదీసెడివారు.

కావున ఈ కారు బలమంతయు గుమ్మముల క్రింది రేకులలోను, నేలరేకులలోను ఉన్నది. తుప్పు మొదట పట్టెడి చోట్లును అవే. అమెరికా ఉత్తర రాష్ట్రములలో చలికాలమున రోడ్లపై మంచు కరగుటకు ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు కారు క్రింద చేరి, రేకుల మడతలలో నిలిచి, లోపలినుండి తినివేయును. పైన రంగు నిగనిగలాడుచునే యుండును. పైన పటారము, లోన లొటారము అన్న సామెత ఇట్టి కారును చూచియే పుట్టినదేమో యనిపించును. అట్టి కారును నిజముగ బాగుచేయవలెనన్న, తుప్పుపట్టిన రేకు కోసివేసి, అదే మందము గల క్రొత్తరేకు అతుకవలెను. కోయుటకు ముందే బాడీని వంగకుండ ఆనికలపై నిలుపవలెను. లేనిచో తలుపులు మరల సరిగ మూతపడవు. ఇది నెలల పని. దీనికి బదులు రంధ్రములు లప్పముతో పూడ్చి, సాపుచేసి, రంగు కొట్టిన పని వారములలో ముగియును. ప్రకటనలో రెండింటికిని అదే మాట: "పునరుద్ధరింపబడినది."

ఇంతకును ఈ మాటకు నిర్ణీతమైన అర్థమున్నదా? ఉన్నది. ప్రాచీన వాహనముల అంతర్జాతీయ సమాఖ్యయైన "ఫీవా" 2012లో ఇటలీలోని ట్యూరిన్ పట్టణము పేర ఒక నియమపత్రము ఆమోదించెను. పురాతన కట్టడముల రక్షణకై 1964లో వెనిస్‌లో రూపొందిన నియమపత్రము దీనికి ఆదర్శము. ట్యూరిన్ పత్రము పనులను తరగతులుగ విడదీసినది. ఉన్నదానిని చెడిపోకుండ కాపాడుట ఒకటి. చెడిపోవుచున్నదానిని అంతటితో ఆపి, స్థిరపరచుట మరియొకటి. లేని భాగములను చేర్చి పూర్వపు రూపము తెచ్చుట వేరొకటి. పునరుద్ధరణ యని దీనినే అనవలెను. ఆ చేర్చిన భాగము చూపునకు పాతదానితో కలిసిపోవలెను గాని, దగ్గరగ పరిశీలించినపుడు ఇది క్రొత్తది యని తెలియవలెనని నియమము. చేసిన ప్రతి పనిని వ్రాసి యుంచవలెనని మరియొక నియమము. దాపరికము లేకుండుటయే ఈ నియమములకు ప్రాణము. మార్చుట తప్పు కాదు. మార్చిన సంగతి దాచుట తప్పు.

ఈ కొలబద్దతో మన రెండు కార్లను చూతము. మొదట మెరయుచున్న కారు. ప్రకటనలో "బాడీని చట్రమునుండి వేరుచేసి పునరుద్ధరించితిమి" అని వ్రాసి యుండినచో, కొనువాడు అక్కడనే ఆగవలెను. ఈ కారుకు వేరు చట్రము లేనే లేదు కదా! వేరుచేయుట యెట్లు? వ్రాసినవానికి కారు తెలియదు, లేదా కొనువానికి తెలియదని వాని నమ్మకము. ఒక్క వాక్యము ఇంత చెప్పును.

పిమ్మట పుట్టుక గుర్తులు. 1961 కన్వర్టిబుల్ సంఖ్య 1 అను అంకెతో మొదలగును, అది సంవత్సరము. పిమ్మట వై అను అక్షరము. అది మిచిగన్ రాష్ట్రములోని విక్సమ్ కర్మాగారమునకు గుర్తు. పిమ్మట 86, అది నాలుగు తలుపుల కన్వర్టిబుల్ అని చెప్పును. అదే గట్టి టాపు గల సెడాన్ అయినచో అక్కడ 82 ఉండును. పిమ్మట హెచ్ అను అక్షరము. అది 430 ఘనపు అంగుళముల ఇంజనుకు గుర్తు. తలుపువద్దనున్న రేకుపై బాడీ రకము, మొదటి రంగు, లోపలి తొడుగు మొదలగునవి కూడ సంకేతములలో నుండును. నేడు ఎఱ్ఱగ మెరయుచున్న కారు పుట్టినపుడు నీలముగ నుండెనేమో ఆ రేకును అడిగినచో చెప్పును. ఎఱుపు వేయుట నేరము కాదు. కాని "కర్మాగారమునుండి వచ్చిన రంగు" అని చెప్పి అమ్ముట అసత్యము.

పోతపోసిన ఇనుప భాగములపై తేదీ గుర్తులును ఉండును. ఫోర్డువారి పద్ధతిలో 1 బి 14 అని యున్నచో మొదటి అంకె సంవత్సరము, అక్షరము నెల, చివరిది తేదీ. అనగా 1961 ఫిబ్రవరి 14. ఇక్కడ సామాన్యమైన తర్కము చాలును. బిడ్డకన్న తల్లి ముందు పుట్టవలెను. కారుకన్న ఇంజను పోత ముందు పుట్టవలెను. కారు మార్చిలో తయారై, ఇంజను పోత ఆగస్టునాటిదైనచో, ఆ ఇంజను వేరొక కారునుండి వచ్చినదే. అయితే 1 అను అంకె 1961కిని, 1971కిని ఒకటే. కావున ఒక్క గుర్తును నమ్మక, నాలుగింటిని కలిపి చూడవలెను.

కన్నును, చేతిని కూడ వాడవలెను. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతమును గుమ్మముల క్రిందను, చక్రముల చుట్టును తాకించి చూచినచో, ఇనుమున్నచోట అంటుకొనును, లప్పము దట్టముగ నున్నచోట జారిపోవును. కారును పైకెత్తించి అడుగుభాగము చూడవలెను. అడుగున దట్టముగ నల్లని తారు పూసి యున్నచో అది రక్షణయా, ముసుగా యని విచారింపవలెను. టాపు దించి యున్నపుడు నాలుగు తలుపులు ఒక్కటొక్కటిగ తెరచి మూయవలెను. అంచులయందు సందు పైన ఎక్కువ, క్రింద తక్కువ అయినచో బాడీ నడుము వంగినదన్న మాట. టాపును యజమానిచే గాక, తాను స్వయముగ మీట నొక్కి, దించి, ఎత్తి చూడవలెను. అదియు ఒక్కమారు కాదు, మూడుమార్లు.

మెరుగు కూడ ఒక సాక్ష్యమే. 1961లో ఫోర్డువారు బట్టీలో కాల్చిన ఎనామిల్ రంగు వాడెడివారు. దాని నిగ్గు మెత్తనిది. నేటి రంగులపై పారదర్శకమైన మరొక పూత వేయుదురు. దానిచే తడియారని అద్దమువంటి లోతు వచ్చును. కావున కర్మాగారమునుండి వెలువడిన దినమునకన్న నేడు ఎక్కువ మెరయు కారు, పునరుద్ధరింపబడినది కాదు, అలంకరింపబడినది. అలంకారము ఇష్టమైనవారు కొనవచ్చును. కాని దానిని చరిత్ర యనరాదు.

ఇక వెలిసిన రంగు గల రెండవ కారు. దాని మొదటి రంగు, మొదటి తోలు, మొదటి దారపుకుట్టు ఇంకను నిలిచియున్నవి. ఏ కుట్టు ఎన్ని అంగుళములకు వేసిరి, ఏ బోల్టుకు ఏ పూత వేసిరి, ఏ తీగె ఏ దారిన పోయెను అని తెలిసికొనగోరువారికి అదియే గ్రంథము. దానిని చూచియే తక్కిన కార్లను సరిచేయగలరు. దాని తోలును చింపి పారవేసిన దినమున ఆ గ్రంథము కాలిపోవును. క్రొత్తతోలు ఎంతటి మేలైనదైనను పాతదానిని తిరిగి తేలేదు. ఇందుచేతనే నేడు పెద్ద పాతకార్ల పోటీలలో, తిరిగి చేయక కాపాడిన కార్లకు ప్రత్యేక తరగతులు ఏర్పరచి బహుమతు లిచ్చుచున్నారు.

అట్లని పాతదంతయు పవిత్రమని ముట్టకుండుటయు ప్రమాదమే. ప్రాణము సంగతి ఒకటున్నది. 1961 కాంటినెంటల్‌కు నాలుగు చక్రములందును డ్రమ్ము బ్రేకులే. ముందు చక్రములకు డిస్కు బ్రేకులు 1965లో వచ్చెను. పైగా ఆ తొలి కార్లలో బ్రేకునూనె నంతటిని ఒకే గది నుండి ఒకే దారిన పంపుదురు. ఎక్కడ ఒక గొట్టము పగిలినను నాలుగు చక్రముల బ్రేకులును ఒకేమారు పోవును. రెండువేల కిలోలు దాటిన కారులో ఇది చిన్న సంగతి కాదు. ముప్పది యేండ్లు షెడ్డులో నిలిచిన కారును పాత రబ్బరు గొట్టములతోనే రోడ్డుమీదికి తెచ్చుట చరిత్రయందు భక్తి కాదు, మూర్ఖత్వము. పెట్రోలు సంగతియు అట్టిదే. ఆ యింజను సీసము కలిపిన పెట్రోలుకై చేసినది. ఆ సీసము కవాటముల పీటలు అరగకుండ మెత్తగ పనిచేసెడిది. ప్రజల ఆరోగ్యమునకు హాని యని సీసపు పెట్రోలును అమెరికాలో రోడ్డు వాహనములకు 1996లోను, మన దేశమున 2000లోను నిలిపివేసిరి. కావున ఇంజను విప్పినపుడు గట్టి ఉక్కు పీటలు అమర్చుట వివేకము. నేటి పెట్రోలులో కలిపెడి ఇథనాలు పాత రబ్బరును చెరచును. ఆ గొట్టములును మార్చవలసినవే. ఇట్టి మార్పులు చేసి, తీసిన పాత భాగములను పారవేయక మూటగట్టి కారుతో పాటు ఉంచి, ఏమి చేసితిమో ఒక పుస్తకమున వ్రాసినవాడు ఉత్తముడైన యజమాని. రేపు మరియొకడు పూర్వరూపము కోరినచో దారి మూసివేయలేదు కదా!

పూర్వరూపమునకు తెచ్చుట ఎల్లప్పుడును మంచిదియేనా యను ప్రశ్నకు, ఈ జాతి కార్లలోనే ఒకటి చిరస్మరణీయమైన సాక్ష్యము చెప్పుచున్నది. 1961 నాటి కాంటినెంటల్ కన్వర్టిబుల్ నొకదానిని ఒహయో రాష్ట్రములోని సిన్సినాటిలో హెస్ అండ్ ఐసెన్‌హార్ట్ అను సంస్థ కోసి, సుమారు మూడున్నర అడుగులు పొడిగించి, అమెరికా అధ్యక్షునికై సిద్ధపరచెను. 1963 నవంబరు 22వ తేదీన డల్లాసు నగరమున అధ్యక్షుడు కెనెడీ హత్యకు గురియైనపుడు ఆయన ప్రయాణించుచున్న కారు అదియే. అప్పుడు దానికి టాపు లేదు. పిమ్మట ఆ కారును ధ్వంసము చేయలేదు. దానికి కవచము తొడిగి, తీయరాని గట్టి టాపు అమర్చి, ముదురునీలపు రంగుపై నల్లరంగు వేసి, 1964లో తిరిగి సేవకు పంపిరి. 1977 వరకు తరువాతి అధ్యక్షులు దానిని వాడిరి. నేడది మిచిగన్ రాష్ట్రమున డియర్‌బార్న్‌లోని హెన్రీ ఫోర్డు మ్యూజియములో నున్నది.

మ్యూజియమువారు ఆ టాపు కోసివేసి, నల్లరంగు గోకివేసి, 1963 నాటి రూపమునకు తేవచ్చును గదా? చూచుటకు జనము మరింత వత్తురు గదా? వారట్లు చేయలేదు, సేవ చాలించిన నాటి రూపమునే నిలిపిరి. ఏలయన ఆ గట్టి టాపే చరిత్ర. ఒక దేశము భయపడి, ఇకపై తన నాయకుని తెరచిన కారులో పంపరాదని నిశ్చయించుకొన్న సంగతిని ఆ ఇనుపరేకే చెప్పుచున్నది. దానిని తీసివేసిన యెడల 1963 నాటి బొమ్మ ఒకటి మిగులును. పదునాలుగేండ్ల నిజము పోవును.

మన దేశపు చట్టమును ఈ సంగతిని గుర్తించినది. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నియమములను సవరించి, యాబది యేండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములను "వింటేజ్" వాహనములుగ నమోదు చేయు పద్ధతి ఏర్పరచిరి. అట్టివాని సంఖ్యాఫలకమున రాష్ట్రపు గుర్తు తరువాత వి, ఎ అను రెండక్షరము లుండును. కాని వయస్సు ఒక్కటియే చాలదు. వాహనము పూర్వరూపమున నుండవలెను. బాడీయందు గాని, ఛాసీయందు గాని, ఇంజనుయందు గాని పెద్ద మార్పులు జరిగి యుండరాదు. అనగా పాతకారుకు మెరుగు పెట్టబోయి దాని ఇంజను మార్చి, బాడీ కోసినవాడు, డబ్బు ఖర్చు పెట్టి ఆ యర్హతనే పోగొట్టుకొనవచ్చును. తాతగారు వదలిన పాతకారు పెరటి షెడ్డులో నున్నవారు, మెకానిక్కును పిలుచుటకు ముందు ఈ సంగతి తెలిసికొనుట మేలు. విప్పుటకు ముందు ఛాయాచిత్రములు తీయుడు. తీసిన ప్రతి మేకును, మరను పేరు వ్రాసిన సంచిలో నుంచుడు. మార్చవలసినదానిని మాత్రమే మార్చుడు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. రెండు కార్లలో ఏది ఎక్కువ విలువ గలది? వెలిసిన కారే యెల్లప్పుడు గొప్పదనుటకు వీలులేదు. దాని గుమ్మముల క్రింద తుప్పు తినివేసి యుండవచ్చును. మెరసిన కారు ఎల్లప్పుడు మోసమనుటకును వీలులేదు; ఓర్పు గల పనివాడు రేకు రేకును అతికి, స్విచ్చు స్విచ్చును సరిచేసి, అంతయు వ్రాసి యుంచి, చచ్చిన కారుకు మరల ఊపిరి పోసి యుండవచ్చును. అట్టి పనికి పెట్టిన ఖర్చు అమ్మకపు వెలకు మించుటయు కలదు. భేదము మెరుపులో లేదు. వెనుకనున్న నిజాయితీలో నున్నది.

కావున పునరుద్ధరించిన కారును కొనబోవువాడు "క్రొత్తగ ఏమేమి వేసితిరి?" అని మాత్రమే యడిగి ఊరకుండరాదు. దానికి జవాబు అమ్మువాని నోట సిద్ధముగ నుండును. క్రొత్తరంగు, క్రొత్తతోలు, క్రొత్త నికెలుపూత అని పట్టీ చదువును. "పాతది ఏమి మిగిలినది? దానిని చూపుడు" అని యడుగవలెను. నిజమైన పనివాడు ఆ ప్రశ్నకు సంతోషించి, టార్చిలైటు తెచ్చి, కారు క్రిందికి వంగి, ఒక్కొక్కటి చూపును. చూపలేనివాడు మరల రంగును పొగడును. అంతటితో కొనువానికి కావలసిన జవాబు దొరకినట్లే.